మ్యాపింగ్‌కి ఇక మనిషి అక్కర్లేదన్న వాదనకు జవాబు

ప్రపోజల్ పని, అంటే క్లయింట్లు అడిగిన వాటికి కంపెనీ తరఫున జవాబులు రాసి పంపే పని, చేసేవాళ్ల మధ్య ఈమధ్య ఒక వాదన బాగా షేర్ అవుతోంది. క్లయింట్లు పంపిన ఆర్‌ఎఫ్‌పీలను (ప్రతిపాదనలు పంపమని అడిగే పత్రాలను), సెక్యూరిటీ క్వశ్చనీర్లను (డేటా భద్రత మీద ప్రశ్నావళులను) ప్రపోజల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసేటప్పుడు ఏది ప్రశ్న, ఏది జవాబు అని మనిషి దగ్గరుండి చూపించడం, అంటే మాన్యువల్ మ్యాపింగ్, ఇక అనవసరం అన్నది దాని సారాంశం. కారణాలు నాలుగు చెబుతున్నారు. ఫైలు అప్‌లోడ్ చేస్తే ఏఐ దానంతట అదే ప్రశ్నల్ని విడదీస్తుంది. అక్కడక్కడా తప్పు పోయినా తర్వాత దిద్దుకోవచ్చు. మనిషి చేస్తే తప్పులు ఇంకా ఎక్కువ. పైగా ఇప్పటి సెర్చ్ అర్థాన్ని బట్టి వెతుకుతుంది కాబట్టి లైబ్రరీలో, అంటే పాత జవాబులు దాచుకునే చోట, ఏది ఎలా పడి ఉన్నా దొరుకుతుంది.

ఈ మాట నమ్మి పాత ఫైళ్లన్నీ ఒకేసారి సాఫ్ట్‌వేర్‌లో గుమ్మరిస్తున్న టీములు ఉన్నాయి. ఆ లైబ్రరీని తర్వాత వాడాల్సినవాళ్లు పడే అవస్థ నాకు తెలుసు. అందుకే ఒక్కో కారణానికీ విడివిడిగా జవాబు రాస్తున్నాను.

వాదనలో నిజమున్న చోటు కూడా ఉంది. ప్రశ్నలన్నీ ఒక కాలమ్‌లో, జవాబులన్నీ పక్క కాలమ్‌లో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా ఉన్న ఎక్సెల్ షీట్ అయితే ఆటోమేటిక్ ఇంపోర్ట్ చక్కగా పనిచేస్తుంది. దాన్ని వరుస వరుసా చేత్తో చూపించమని నేనూ అనను. కానీ క్లయింట్లు పంపే ఫైళ్లలో అంత శుభ్రంగా ఉండేవి తక్కువ.

మొదటి కారణం: ఏఐ దానంతట అదే విడదీస్తుంది

వర్డ్ డాక్యుమెంట్ సంగతి చూద్దాం. వర్డ్ సేవ్ చేసే డాక్స్ (.docx) ఫైలు అంటే జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసిన టెక్స్ట్) ఫైళ్ల కట్ట. స్క్రీన్ మీద మనకు 3.2.1 అని కనిపించే ఆటోమేటిక్ నంబర్ ఆ పేరా టెక్స్ట్‌లో ఉండదు. నంబరింగ్ నియమాలు విడిగా ఇంకో ఫైలులో ఉంటాయి, తెరిచినప్పుడు వర్డ్ లెక్కగట్టి చూపిస్తుంది. టెక్స్ట్ మాత్రమే లాక్కునే టూల్‌కి ప్రశ్న అందుతుంది, నంబర్ అందదు. రేపు క్లయింట్ "3.2.1కి మీరిచ్చిన జవాబు మీద వివరణ కావాలి" అని మెయిల్ పెడితే అది ఏ ప్రశ్నో మళ్లీ వెతుక్కోవాలి.

ఎక్సెల్‌లో చిక్కులు వేరు. సెల్స్ మెర్జ్ చేసినప్పుడు విలువ పైన ఎడమవైపు సెల్‌లోనే ఉంటుంది, మిగతావి ఖాళీ. ఐదు వరుసలకు కలిపి "యాక్సెస్ కంట్రోల్" అని రాసి ఉంటే ఆ శీర్షిక మొదటి వరుసకే అంటుకుని, మిగతా నాలుగు ప్రశ్నలు ఏ సెక్షన్‌వో తెలియకుండా లోపలికి వచ్చేస్తాయి. క్లయింట్ ప్రశ్న నంబర్‌ని 1.10 అని మామూలు అంకెగా టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని 1.1గా దాచుకుంటుంది, అప్పుడు పదో ప్రశ్నకీ మొదటి ప్రశ్నకీ ఒకే నంబర్. 3-2 అని కొడితే అది తేదీ అయిపోతుంది. ఈ తేదీల బాధ ఎంత పెద్దదంటే, మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తున్న కొన్ని జన్యువుల పేర్లనే మార్చేసి, 2020లో కొత్త మార్గదర్శకాలు ప్రకటించింది.

పీడీఎఫ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చాలా పీడీఎఫ్‌లలో ఏ అక్షరం పేజీ మీద ఎక్కడ ఉండాలో తప్ప, ఇది పట్టిక, ఇది వరుస అన్న సమాచారమే ఉండదు. స్కాన్ చేసిందైతే అది ఉత్త బొమ్మ.

మంచి టూల్ ఈ ఫార్మాట్ చిక్కులన్నీ దాటేస్తుందనే అనుకుందాం. అప్పుడు కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: ఆ వరుసలో క్లయింట్ అడిగింది ఏమిటి? సెక్యూరిటీ క్వశ్చనీర్‌లో మామూలుగా కనిపించే ఒక వరుస చూడండి. "డేటా నిల్వలో ఉన్నప్పుడూ, నెట్‌వర్క్‌లో వెళ్తున్నప్పుడూ ఎలా ఎన్‌క్రిప్ట్ చేస్తారు? ఎన్‌క్రిప్షన్ కీలు ఎవరి అధీనంలో ఉంటాయి? సంబంధిత పాలసీ జతచేయండి." పక్కన మూడు కాలమ్‌లు. మొదటిది డ్రాప్‌డౌన్: పూర్తిగా, పాక్షికంగా, లేదు. రెండోది వివరణ. మూడోది క్లయింట్ వైపు పరిశీలకుల రిమార్కులు. ఒకే సెల్‌లో మూడు వేర్వేరు ప్రశ్నలు, వాటిలో ఒకదానికి జవాబు అటాచ్‌మెంట్. టూల్ పక్క సెల్‌నే జవాబుగా తీసుకుంటే లైబ్రరీలోకి చేరేది "పూర్తిగా" అన్న ఒక్క మాట. సెక్యూరిటీ టీమ్ కష్టపడి రాసిన వివరణ బయటే ఉండిపోతుంది. చివరి కాలమ్‌ని తీసుకుందా, "ఈ జవాబు సరిపోదు" అన్న పరిశీలకుడి రిమార్కు మన జవాబుగా చేరిపోతుంది.

ఇంకో రెండు వాక్యాలు చూడండి. "సరఫరాదారు ఏడాదికి ఒకసారి బ్యాకప్ రీస్టోర్ పరీక్ష జరపాలి." "సరఫరాదారు ప్రతి జవాబూ 200 పదాల్లోపు రాయాలి." రెండింటిలోనూ ప్రశ్నార్థకం లేదు, రెండింటి వాక్య నిర్మాణమూ ఒకటే. మొదటిదానికి జవాబు రాయకపోతే మార్కులు పోతాయి. రెండోది ఉత్త సూచన. పైనా కిందా ఏముందో చూసి, క్లయింట్ ఉద్దేశం గ్రహించి ఇది ప్రశ్న, ఇది సూచన అని తేల్చడమే మ్యాపింగ్. టూల్ ఒక ఊహ చెప్పగలదు. ఆ ఊహను ఖాయం చేయాల్సింది మాత్రం ఆ ప్రపోజల్‌కి బాధ్యత ఉన్న మనిషే.

రెండో కారణం: తర్వాత దిద్దుకోవచ్చు

నాలుగింటిలో నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. ఇంపోర్ట్ చేసే సమయంలో అసలు డాక్యుమెంట్ మన కళ్లముందు ఉంటుంది. ఒకసారి ముక్కలై లైబ్రరీలో పడ్డాక ప్రతి ముక్కా ఒంటరిదే, తప్పు తప్పులా కనిపించదు. జవాబులన్నీ ఒక వరుస కిందికి జరిగిన ఇంపోర్ట్‌ని ఊహించండి. "మీకు ఇన్సిడెంట్ రెస్పాన్స్ ప్లాన్ ఉందా?" (భద్రతా ఘటన జరిగితే ఏం చేయాలన్న ప్రణాళిక) అన్న ప్రశ్న ఎదురుగా "ఉంది. ఏటా ఒకసారి బయటి సంస్థతో పరీక్ష చేయిస్తాం" అని ఉంది. చదివితే ఎంత సహజంగా ఉందో! కానీ అది పై వరుసలోని పెనెట్రేషన్ టెస్టింగ్ (సిస్టమ్‌లోకి చొరబడి చూసే పరీక్ష) ప్రశ్నకు రాసిన జవాబు. ఇన్సిడెంట్ ప్లాన్‌ని మీరు బయటివాళ్లతో ఎన్నడూ పరీక్ష చేయించి ఉండకపోవచ్చు. అయినా చూసినవాళ్లకు అనుమానమే రాదు.

తర్వాత దాన్ని ఒకరు ఒక ప్రపోజల్‌లో వాడతారు, మరొకరు కాస్త మార్చి ఇంకో ప్రపోజల్‌లో వాడి మళ్లీ లైబ్రరీలో సేవ్ చేస్తారు. ఇప్పుడు తప్పు ఒకటి కాదు, దానికి పిల్లలు కూడా ఉన్నాయి. ప్రపోజల్‌లో ఇచ్చిన జవాబుల్ని చాలామంది క్లయింట్లు కాంట్రాక్ట్‌కి జతచేస్తారు. అలా జతైనప్పుడు లేని పరీక్ష ఉందని సంతకం పెట్టినట్టే, లీగల్ టీమ్ మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఆ "తర్వాత" ఎప్పుడు? ప్రపోజల్ టీమ్‌కి ఒక డెడ్‌లైన్ అయ్యేసరికి ఇంకొకటి నెత్తిన ఉంటుంది. లైబ్రరీ శుభ్రం చేసే పనికి క్యాలెండర్‌లో చోటు దొరకదు. ఇంపోర్ట్ రోజున వాయిదా వేసిన పని, సబ్‌మిషన్ ముందు రోజు రాత్రి టెన్షన్‌గా తిరిగొస్తుంది.

మూడో కారణం: మనిషి చేస్తేనే తప్పులెక్కువ

వందల వరుసలు ఒక్కొక్కటిగా క్లిక్ చేస్తూ పోతే ఎవరికైనా కళ్లు అలుస్తాయి, ఒకటో రెండో జారిపోతాయి. అది నిజం. అయితే తప్పుల స్వభావంలో తేడా ఉంది. మనిషి అక్కడో వరుస ఇక్కడో వరుస వదిలేస్తాడు. టూల్ కాలమ్‌ని తప్పుగా గుర్తిస్తే ఆ షీట్ మొత్తం, ఒక్క వరుసా మిగలకుండా, అదే తప్పుతో లోపలికి వస్తుంది.

పైగా మాన్యువల్ మ్యాపింగ్ అంటే ప్రతి వరుసనీ క్లిక్ చేయడమే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ప్రతి షీట్‌కీ హెడర్ వరుస ఏది, ప్రశ్న కాలమ్ ఏది, ఎంపిక కాలమ్, వివరణ కాలమ్ ఏవి, ఏ వరుసలు సెక్షన్ శీర్షికలు, ఏవి సూచనలు అన్నది మనిషి చెప్తే వరుసలు నింపే పని యంత్రం చేసుకుంటుంది. ఆ తర్వాత అసలు ఫైలులో ఎన్ని ప్రశ్నలున్నాయో, లోపలికి ఎన్ని వచ్చాయో పోల్చాలి. మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న, ప్రతి సెక్షన్ మారే చోట పైదీ కిందిదీ తెరిచి చూడాలి. వరుస జరిగిన తప్పు ఉంటే సాధారణంగా ఈ అంచుల దగ్గరే బయటపడుతుంది. దాచిన వరుసలు, దాచిన షీట్‌లు ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. కంటికి కనిపించకపోయినా అవి ఫైలులో ఉంటాయి, ఇంపోర్ట్‌లో వచ్చేయగలవు.

ఒకసారి మ్యాపింగ్ సేవ్ చేసుకుంటే అదే టెంప్లేట్‌కి మళ్లీ వాడుకోవచ్చు అనేవాళ్ల మాట చాలావరకు సరైనదే. క్లౌడ్ సెక్యూరిటీ అలయన్స్ వారి ప్రశ్నావళి లాంటి ప్రామాణిక పత్రాలకు అది బాగా పనికొస్తుంది. అయితే వెర్షన్ మారిందేమో చూసుకోవాలి. దాని 4.0 వెర్షన్‌లో 261 ప్రశ్నలున్నాయి, పాత వెర్షన్‌కి చేసిన మ్యాపింగ్ దీనికి అతకదు.

నాలుగో కారణం: సెర్చ్ అర్థాన్ని బట్టి వెతుకుతుంది

వెతుకుతుంది, కానీ ఉన్నదాంట్లోనే. "పై ప్రశ్నకు జవాబు అవును అయితే వివరాలు ఇవ్వండి" అన్న వరుస విడి ప్రశ్నగా లైబ్రరీలో చేరితే దానికి అర్థమే లేదు. ఆ "పై ప్రశ్న" ఏదో మ్యాపింగ్‌లో కలిపి ఉంచితేనే కింద రాసిన వివరణ పనికొస్తుంది. "కస్టమర్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఎక్కడైనా నిల్వ చేస్తారా?" అన్నదానికి సరైన జవాబు "లేదు". "కస్టమర్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి నిల్వ చేస్తారా?" అన్నదానికి "అవును". అర్థాన్ని బట్టి వెతికే సెర్చ్‌కి ఈ రెండూ కవలల్లా కనిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే వ్యతిరేకార్థం దగ్గర తడబడటం ఇలాంటి సెర్చ్‌కి మొదటినుంచీ ఉన్న బలహీనత.

కాలం సంగతి ఇంకోటి. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణం 2013 ఎడిషన్‌లో 114 నియంత్రణలుంటే 2022 ఎడిషన్‌లో అవి 93 అయ్యాయి. కొత్తదానికి మారే గడువు 2025 అక్టోబర్ 31తో ముగిసింది. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్ పాత వెర్షన్లు 1.0, 1.1లను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలో పక్కన పెట్టేసింది. "మాకు 2013 ఎడిషన్ సర్టిఫికెట్ ఉంది" అనో "టీఎల్‌ఎస్ 1.0 నుంచి అన్నీ సపోర్ట్ చేస్తాం" అనో ఉన్న పాత జవాబు తేదీ లేకుండా లోపలికి వస్తే, అడిగిన మాటలకు అచ్చంగా సరిపోతుంది కాబట్టి అదే ముందు వరసలో కనిపిస్తుంది. ఇది ఏ ఏడాది జవాబు, ఏ ప్రొడక్ట్‌కి, దీని బాధ్యత ఏ టీమ్‌ది అన్న ట్యాగులు పెట్టడానికి సరైన సమయం ఇంపోర్టే. కొన్ని పాత జవాబుల్ని అసలు లోపలికి రానివ్వకూడదని తేల్చాల్సిందీ అప్పుడే.

వాళ్లు ప్రస్తావించని సంగతి

ఈ వాదనంతా ఇంపోర్ట్‌ని లోపలికి వచ్చే దారిగానే చూస్తోంది. ఇప్పుడు జవాబు రాయాల్సిన ఆర్‌ఎఫ్‌పీకి మ్యాపింగే బయటికి వెళ్లే దారి కూడా. మనం రాసిన జవాబు క్లయింట్ ఫైలులో ఏ సెల్‌లోకి తిరిగి వెళ్లాలో నిర్ణయించేది అదే. స్కోర్ లెక్కగట్టే ఫార్ములా డ్రాప్‌డౌన్ కాలమ్‌ని చదువుతుంటే, మన వివరణ పొరపాటున ఆ కాలమ్‌లో పడినా, ఎంపిక ఖాళీగా మిగిలినా ఆ వరుసకు రావాల్సిన మార్కులు రావు. సాఫ్ట్‌వేర్ తెర మీద చూసినప్పుడు మాత్రం అన్ని ప్రశ్నలకూ జవాబులు పూర్తయినట్టే ఉంటుంది. అందుకే పంపేముందు ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలుని ఎక్సెల్‌లోనే తెరిచి, క్లయింట్ పంపిన ఖాళీ ఫైలుని పక్కన పెట్టుకుని, ఒక్కో షీట్‌లో ఎంపిక కాలమ్ పై నుంచి కింది దాకా చూడండి.