చెవి మిషన్ ఉందిగా, ఇంకేం కావాలి?

వినికిడి లోపం ఉన్న ఉద్యోగి గురించి ఆఫీసుల్లో ముందుగా వచ్చే మాట ఇదే. లెక్క తప్పేదీ ఇక్కడే. మాట్లాడే మనిషి ఒకటి రెండు మీటర్లలో ఉన్నంతసేపే చెవి మిషన్ బాగా పనిచేస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోతుంది. చెవి పక్కనున్న ఏసీ హోరు మాత్రం తగ్గదు, మిషన్ దాన్నీ పెంచి వినిపిస్తుంది. అందుకని డబ్బూ శ్రద్ధా ముందు పెట్టాల్సింది దూరం మీద, గది మీద.

అద్దాల గోడలు, నున్నటి నేల ఉన్న మీటింగ్ హాలు చూడ్డానికి ఎంత బాగుంటుందో వినడానికి అంత కష్టం. చాలామందిలో ముందు దెబ్బతినేది పై స్థాయి (హై ఫ్రీక్వెన్సీ) ధ్వనులు వినే శక్తి. స, శ, త, క లాంటివి జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. దానికి ప్రతిధ్వని తోడైతే ముందు అక్షరం మోత తర్వాతి హల్లును మింగేస్తుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. తెలుగు అంకెలు ఇంకో తంటా: ఇరవై, అరవై, యాభై, ఎనభై అన్నిటి తోకా ఒకటే. తేదీలు, మొత్తాలు నోటితో చెప్పాక చాట్‌లో కూడా రాయాల్సిందే. పైకప్పుకు శబ్దం పీల్చే పలకలు, కింద కార్పెట్, ఏసీ బ్లోయర్‌కు దూరంగా సీటు, పెదాలు స్పష్టంగా కనబడేలా మాట్లాడేవాళ్ల వెనక కిటికీ లేకుండా చూడటం... వీటితోనే సగం పని అవుతుంది.

దూరాన్ని జయించేది రిమోట్ మైక్, అంటే మాటను వైర్ లేకుండా చెవి మిషన్‌కు పంపే చిన్న మైక్. నోటికి 15–20 సెంటీమీటర్ల కింద కాలర్‌కు తగిలిస్తే మాట నేరుగా చెవిలోకి వస్తుంది. కానీ ఆరుగురి మీటింగ్‌లో అది మేనేజర్ కాలర్‌కే ఉండిపోతే మిగతా ఐదుగురి మాటలు గాలికిపోయినట్టే. చేతులు మార్చాలి. బల్ల మధ్య పెట్టే రకమైతే ల్యాప్‌టాప్ ఫ్యాన్ పక్కనా, కాగితాల కిందా పెట్టకూడదు. మీటింగ్ అయ్యాక మ్యూట్ చేయడం మరిచిపోతే, బయట వరండాలో ఆ మేనేజర్ చెప్పుకునే గుట్టు కూడా ఆ ఉద్యోగి చెవిలోనే పడుతుంది!

ఎవరూ ముందు చూసుకోని చిక్కు ఐటీ విభాగంలో ఉంది. భద్రత పేరుతో కంపెనీ ల్యాప్‌టాప్‌లలో బ్లూటూత్, యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటే, కొన్న పరికరం అనుమతి వచ్చేదాకా డబ్బాలోనే పడి ఉంటుంది. అనుమతి ముందు, కొనుగోలు తర్వాత.

మాటను తెర మీద అక్షరాల్లో చూపే ఆటోమేటిక్ క్యాప్షన్లు మేలే గానీ పేర్లు, ఆఫీసు పొట్టి మాటలు, తెలుగూ ఇంగ్లిషూ కలిసిన వాక్యాలు వస్తే తడబడతాయి. పైగా మాట కన్నా కాస్త ఆలస్యంగా వస్తాయి. ఆ ఉద్యోగి చదివి నోరు తెరిచేలోపు చర్చ పక్క అంశంలోకి వెళ్లిపోతుంది. ప్రతి అంశం తర్వాత ఐదారు సెకన్లు ఆగితే చాలు. మనిషి టైప్ చేసే క్యాప్షన్లయితే అజెండా, పేర్ల జాబితా ముందురోజే పంపాలి. సంజ్ఞా భాష వచ్చిన ఉద్యోగికి గంట దాటే మీటింగ్‌లో ఇద్దరు దుబాసీలు కావాలి, 20–30 నిమిషాలకోసారి మారుతూ. ఆ భాషే రాని వ్యక్తికి దుబాసీని పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. అడిగి తెలుసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది.

అరవకండి. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం బాధిస్తుంది. అరిస్తే పెదవుల కదలికా మారిపోతుంది. ఒకసారి చెప్పింది అందకపోతే అదే సంగతి వేరే మాటల్లో చెప్పడం మేలు. పెదాలు చూస్తూ వినడం అలసట తెచ్చే పని కాబట్టి మీటింగుల మధ్య పది నిమిషాల ఖాళీ ఉండాలి.

అగ్నిప్రమాద అలారానికి వెలుగు సంకేతం పెట్టేటప్పుడు బాత్‌రూమ్, స్టోర్‌రూమ్ వదిలేస్తారు. మనిషి ఒంటరిగా ఉండేది అక్కడే, మిషన్ తీసి పక్కన పెట్టే అవకాశమూ అక్కడే. "పక్క సీటు వాళ్లు చెప్తారులే" అన్న ఏర్పాటు ఆ పక్క సీటు మనిషి సెలవు పెట్టేదాకానే.