శ్రీయుత ‘ఒక మెరుగైన విధానం’ గారికి, పొదలకూరు నుంచి

అయ్యా,

మీ పూర్తి పేరు కవరు మీద పట్టలేదు. ‘నిమ్మజాతి పండ్ల తొక్కల నుండి పెక్టిన్ తయారుచేయుటకు ఒక మెరుగైన విధానము’. పెక్టిన్ అంటే జామ్‌ని గడ్డకట్టించే జిగట పదార్థమని మా వాళ్లకి నేనే చెప్పాల్సి వచ్చింది. మా వైపు పెళ్లి పత్రికల్లో కూడా ఇంత పొడుగు పేరు వేయించరు. పేటెంట్ల జాబితా తిరగేస్తే మీ వంశంలో సగం మందికి ఇదే ఇంటిపేరని తెలిసింది. తవుడు నూనెకి ఒక మెరుగైన విధానం, వేపగింజకి ఒక మెరుగైన విధానం. మామూలు విధానమే ఇంకా మా ఊరికి రాలేదు, ఇంతలో మెరుగైనదాకా వచ్చేశారు.

మాది పొదలకూరు దగ్గర పల్లె. నాన్న పేరు మీద నాలుగెకరాల నిమ్మతోట, నా పేరు మీద ఒక బీఎస్సీ కెమిస్ట్రీ. రెండూ ఒకే తీరున నడుస్తున్నాయి. ఎండాకాలంలో రేటు ఉంటుంది, చెట్టున కాయ ఉండదు. వానలు పడ్డాక కాయ విరగకాస్తుంది, రేటు ఉండదు. ఒక ఏడు కోత కూలీ, బస్తాలు, ఆటో కిరాయి కలిపి లెక్కేసి, మార్కెట్‌కి తోలితే చేతి డబ్బే పడుతుందని నాన్న కోయించడం మానేశాడు. పండి రాలిన కాయలతో చెట్ల కింద నేల పసుపుపచ్చగా అయిపోయింది. ఊరంతా అంట్ల సబ్బు వాసన.

ఆ వారంలోనే మీరు నా కంటబడ్డారు. పద్నాలుగు పేజీలు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, పిన్ను కొట్టించి, శుభలేఖ తెచ్చినట్టు ఇంటికి తెచ్చాను.

మీ పుట్టిల్లు ఏ ప్రయోగశాలో ఇక్కడ రాయను. మీ పరువు నాకు ముఖ్యం.

చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ‘తొక్కలను సుమారు 60 నుంచి 95 డిగ్రీల మధ్య, మేలైన విధంగా 80 దరిదాపుల్లో, అర గంట మొదలు ఆరు గంటల వరకు, తగినంత ఆమ్లంతో వేడిచేయవలెను’ అన్నారు. ఎవరు ఎలా ఉడకబెట్టినా మీ కంచె దాటి పోకుండా అంత వెడల్పు పెట్టారని తర్వాత అర్థమైంది. మా అమ్మ నిమ్మకాయ ఊరగాయ చెప్పే తీరూ ఇంతే. ఉప్పు తగినంత, కారం చూసుకుని, ఎండలో నాలుగు రోజులో వారమో. ఆవిడకి పేటెంటు ఎందుకు రాలేదంటే ఆఖర్న హక్కు కోరుతూ ‘క్లెయిము 1లో చెప్పిన ఊరగాయ విధానం ప్రకారం’ అని రాయడం రాదు.

ఇంకొకటి. ‘ఈ కళలో నైపుణ్యం గల వ్యక్తి ఎవరైనా చేయగలరు’ అని మాటిమాటికీ అంటారు మీరు. సరే, ఆ వ్యక్తిని నేనే అనుకుని దిగాను.

తొక్కలు కడిగి తరిగాను. ఆమ్లం ఏదైనా పర్వాలేదన్నారు కాబట్టి నిమ్మరసమే పోశాను, ఆ పూట మా ఇంట్లో నీళ్ల కన్నా చవక అదే. ఇంట్లో థర్మామీటరు జ్వరం చూసేది, 42 దాటితే చదవదు. అందుకని వేలు పెట్టి, అరిచి, ఇది 80 అయ్యుంటుందని నిర్ణయించాను. గంట సేపు ఉడికాక అమ్మ పాత వాయిల్ చీరలో వడకట్టాను. జిగటగా, లేత పసుపు రంగులో రసం దిగింది. అంతవరకు మీరు చెప్పింది చెప్పినట్టే జరిగింది, కాదనను.

ఆ తర్వాత వాక్యంలో దెబ్బ కొట్టారు. ‘రసానికి రెండింతలు ఇథనాల్ కలుపవలెను’.

ఇథనాల్ అంటే స్పిరిట్టే. అసలు సరుకు కావాలంటే ఎక్సైజ్ వాళ్ల పర్మిట్ కావాలి. నిమ్మతొక్కల కోసమని చెబితే ఎవరు నమ్ముతారు? మందు షాపుకి వెళ్లి క్వార్టర్ తెచ్చాను. 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. తొంభై మిల్లీలీటర్ల రసం గ్లాసులో పోసి, క్వార్టరంతా దాంట్లో ఒంపుతుంటే నాన్న పంచలోంచి చూశాడు.

“ఏందబ్బయా ఇది? బ్రాందీలో నిమ్మకాయ పిండటం చూశాం గానీ, నిమ్మకాయలో బ్రాందీ పొయ్యటం యాడా చూళ్లేదే!”

సగానికి సగం నీళ్లున్న సరుకుతో పెక్టిన్ ఎక్కడ విరుగుతుంది? తెల్లటి గుజ్జు తేలాల్సిన చోట ఏమీ తేలలేదు. వాసన పట్టి మా చిన్నమామ మాత్రం తేలాడు. ఒక గుక్క వేసి, “బో ఉండాది, ఇంకో గ్లాసు చెయ్యి” అన్నాడు. మీ విధానం గురించి నేను విన్న ఒకే ఒక్క వినియోగదారుడి అభిప్రాయం ఇదే. కావాలంటే ఫైల్లో పెట్టుకోండి.

అసలు మా నిమ్మకీ మీ కులానికీ పాత కక్ష ఒకటుంది. మా వీధి కొట్లో ‘నిమ్మ ఉప్పు’ అని పొట్లాలు అమ్ముతారు, పులిహోరలో వేసే సిట్రిక్ ఆమ్లం. దాంట్లో నిమ్మకాయ ఎంతుందో తెలుసా? సున్నా. 1784లో స్వీడన్‌లో షీలే అనే ఆయన నిమ్మరసంలోంచే దాన్ని మొదట గడ్డకట్టించాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఇటలీ నిమ్మతోటలు దాని మీద బతికాయి. రసంలో సున్నపు పదార్థం కలిపి విరగ్గొట్టి, గంధకామ్లంతో మళ్లీ విడదీసేవాళ్లు. 1917లో జేమ్స్ కర్రీ అనే ఆయన, ఒక నల్ల బూజుకి చక్కెర నీళ్లు పెడితే అదే ఆమ్లాన్ని కుండలు కుండలు కక్కుతుందని తేల్చాడు. పాత ఉల్లిగడ్డ పొరల మీద మసిలా కనిపిస్తుందే, ఆ బూజే. రెండేళ్లకల్లా అమెరికాలో ఫ్యాక్టరీ పెట్టేశారు. ఇప్పుడు లోకానికి కావాల్సిన సిట్రిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం చైనాలోనే తయారవుతోంది. మా కాయలు చెట్టు కింద కుళ్లుతుంటే, మా పేరు పెట్టుకున్న పొట్లం బూజు పుణ్యాన పులిహోరలోకి వస్తోంది. అదీ ఒక మెరుగైన విధానమే లెండి, ఎవరికి మెరుగన్నది వేరే సంగతి.

మిమ్మల్ని మరీ ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. నాన్న వేసుకునే బీపీ మాత్ర చవగ్గా దొరుకుతోందంటే అందులో మీ వాళ్ల చెయ్యి ఉంది. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో ఒక మంచి పని చేసింది. వస్తువు మీద కాదు, తయారుచేసే పద్ధతి మీదే హక్కు అంది. నెల్లూరు భాషలో చెప్పాలంటే చేపల పులుసు ఎవరి సొత్తూ కాదు, పులుసు పెట్టే తీరుకే హక్కు. ఇంకొకళ్లు ఇంకో దారిలో పెడితే అడిగేవాడు లేడు. ఆ దారులు వెతకడమే మీ పుట్టిళ్ల పని అయింది. హైదరాబాద్‌లో 1944లో సంస్థానం పెట్టిన ప్రయోగశాల 1956లో రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. అందరూ ఆర్ఆర్ఎల్ అనేవాళ్లు. ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి అక్కడి ఏ.వి. రామారావు గారి బృందం దారి వేసి సిప్లా అనే మందుల కంపెనీకి ఇచ్చింది. 2005 నుంచి పులుసు మీద కూడా హక్కులొచ్చాయి. ఈలోపు హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచి నిలబడ్డాయి.

అయితే ఒక మాట. జోర్హాట్, భువనేశ్వర్, తిరువనంతపురం, భోపాల్, జమ్మూ, అన్నిచోట్లా ఉన్న ఆర్ఆర్ఎల్‌లు ఒక్కొక్కటే పేరు మార్చుకున్నాయి. హైదరాబాద్‌ది 1989లోనే మారింది. బోర్డుల మీంచి ముందు పోయిన ముక్క ‘ప్రాంతీయ’. పెద్దవాళ్లయ్యారు, సంతోషమే. ఆ ముక్క ఎవరికీ అక్కర్లేకపోతే మా పొదలకూరు మార్కెట్ యార్డుకి పంపించండి, గోడకి తగిలించుకుంటాం.

పెక్టిన్ తేలని మర్నాడు మీ పుట్టింటికి ఫోన్ చేశాను. ఫోనెత్తినాయన మర్యాదస్తుడు.

“లైసెన్సు తీసుకుంటారా? మీది ఎన్ని టన్నుల ప్లాంటు సార్?”

“నాలుగెకరాలండీ. అన్నీ నిమ్మ ప్లాంట్లే.”

కాసేపు ఆలోచించి, మిమ్మల్ని పెద్ద ఎత్తున ఎవరూ చేసి చూడలేదని, లేబొరేటరీ స్థాయిలో మాత్రం బ్రహ్మాండంగా పనిచేశారని చెప్పాడు. నిజమే, మీ ‘ఉదాహరణ 1’లో తీసుకున్నది వంద గ్రాముల తొక్క. అంటే ఐదారు కాయలు. మా సోడా బండి దగ్గర పది నిమిషాల్లో పడే చెత్త. దాన్ని ట్రాక్టర్ లోడుకి ఎలా పెంచాలి, స్పిరిట్‌ని మళ్లీ ఎలా రాబట్టుకోవాలి, మిగిలిన పిప్పి ఎక్కడ పోయాలి, ఇవన్నీ ‘నైపుణ్యం గల వ్యక్తి’కే వదిలేశారు. ఆ వ్యక్తి ఇక్కడ చిన్నమామతో గొడవపడుతున్నాడు.

కక్షకొద్దీ చట్టం కూడా తిరగేశాను. పేటెంటు ఇచ్చి మూడేళ్లయినా దాన్ని పనిలో పెట్టకపోతే, నాకు లైసెన్సు ఇప్పించండని ఎవరైనా అడగొచ్చట. 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కో అలాగే అడిగి తెచ్చుకుంది. నెలకి 2.8 లక్షలయ్యే కేన్సర్ మందు 8,800కి దిగింది. మీరు పనిలో ఉన్నారో లేదో మీ యజమానులు ఫారం 27లో రాసివ్వాలని కూడా ఉంది. నేనూ అర్జీ పెడదామని పెన్ను తీసి, చివరిసారిగా మీ స్టేటస్ చూశాను.

ఫీజు కట్టనందున గడువు తీరకముందే హక్కు రద్దయినది.

ఇరవై ఏళ్ల ఆయుష్షు రాసిచ్చారు మీకు. మధ్యలోనే పోయారు, అదీ ఫీజు బాకీతో. చెప్పకూడదు గానీ, కాస్త బాధేసింది. దొంగలెవరూ రాని ఇంటికి ఇన్నాళ్లు తాళం వేసి, చివరికి తాళం డబ్బులు కూడా కట్టలేదు. ఇప్పుడు మిమ్మల్ని ఎవరైనా వాడుకోవచ్చు. నేనైనా, చిన్నమామైనా.

ఇట్లు,
మీరు చెప్పిన నైపుణ్యం గల వ్యక్తి

తా.క.: మిగిలిన రసం అమ్మ బాత్రూం గచ్చు మీద పోసి చీపురుతో రుద్దింది. ఎన్నేళ్లనుంచో ఉన్న ఉప్పునీటి మరకలు పోయాయి. దీని మీద మీ వాళ్లెవరికైనా పేటెంటు ఉంటే ముందే చెప్పండి, వచ్చే ఆదివారం పక్కింటి వాళ్ల గచ్చు కూడా కడుగుతానంటోంది.