అనుకుందాం అన్నాక మాట తప్పకూడదు

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పాడై పదకొండు రోజులు మూలపడిన సమయంలోనే మేము 'సైలో' అనే సిరీస్ చూడటం మొదలుపెట్టాం. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాను భుజాన వేసుకుని ఐదో అంతస్తుకు చేరి, గుమ్మం దగ్గర డబ్బా దించి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, ఆ తరువాత స్నానం చేసి టీవీ ముందు కూర్చుంటే, అందులో 144 అంతస్తుల భూగర్భ నగరంలో పదివేల మంది మనుషులు ఒకే ఒక్క మెట్లదారి మీద ఎక్కుతూ దిగుతూ కనిపించారు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మొదటి ఎపిసోడ్ సగంలోనే అడిగింది: "నాన్నా, ఇంత పెద్ద జనరేటర్ నడుపుకుంటున్నవాళ్ళకు లిఫ్టు పెట్టుకోవడం చేతకాదా?" ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్నే కారణం. గత నాలుగు నెలల్లో మేము చూసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు, సినిమాలు అన్నింటినీ నేను చివరికి ఆ ఒక్క ప్రశ్నతోనే కొలుచుకున్నాను. కథలోని మలుపులు ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది, ఎందుకంటే కొన్నింటిని బయటపెట్టకుండా నా మాట చెప్పలేను.

హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ప్రతి సమస్యనూ "అనుకుందాం" అనే మాటతోనే మొదలుపెట్టేవారు. కావలసిన సంఖ్య ఎక్స్ అనుకుందాం, రెండు సరళరేఖలు ఒక బిందువు దగ్గర ఖండించుకున్నాయనుకుందాం. మనం ఏమనుకున్నా ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు. కానీ ఒకసారి అనుకున్నాక నాలుగో మెట్టులో దాన్ని మరిచిపోతే మాత్రం, జవాబు సరిగ్గా వచ్చినా సరే, మార్కులు వేసేవారు కాదు. సైన్స్ ఫిక్షన్‌ను నేను ఆ మాస్టారి కళ్ళతోనే చూస్తాను. కాలంలో వెనక్కి వెళ్ళవచ్చు అనుకుందామంటే సంతోషంగా అనుకుంటాను. మెదడును రెండుగా చీల్చవచ్చు అనుకుందామన్నా తలూపుతాను. ఆ తరువాత మాట తప్పితే మాత్రం, కోట్లు ఖర్చుపెట్టి తీసిన దృశ్యమైనా నాకు కంటికి ఆనదు.

'సైలో' మాట తప్పలేదు, కనీసం మొదటి సీజన్‌లో. లిఫ్టు లేకపోవడం అక్కడ ఏర్పాటులో దొర్లిన లోపం కాదు, ఆ సమాజానికి అదే పునాది. మేయరు పైన ఉంటుంది, యంత్రాలు నడిపేవాళ్ళు అట్టడుగున ఉంటారు. వయసు మళ్ళిన మేయరు కింది అంతస్తుల దాకా నడిచి వెళ్ళాలనుకుంటే అది దారిలో ఆగుతూ చేయవలసిన ప్రయాణం అవుతుంది. పైవాళ్ళ మాట కిందికి చేరేసరికి ఆలస్యమవుతుంది, కిందివాళ్ళ కోపం పైకి చేరేసరికి చల్లారుతుంది. మనుషులను అదుపులో ఉంచడానికి గోడలు కట్టనక్కరలేదు, మెట్లు కడితే చాలు అన్న సంగతి నాకు నీళ్ళ డబ్బా మోసిన భుజం నొప్పితో సహా అర్థమైంది. మా అమ్మాయి నోటుపుస్తకం వెనక లెక్క వేసింది: మా భవనంలో అంతస్తుకు 18 మెట్లు, ఆ లెక్కన 144 అంతస్తులకు 2,592 మెట్లు. సైలో అంతస్తులు మన ఇళ్ళకంటే చాలా ఎత్తుగా కనిపిస్తాయి కాబట్టి ఇది తక్కువలో తక్కువ లెక్క.

మూడో ఎపిసోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది నా వృత్తికి సంబంధించినది. నేను పద్దెనిమిదేళ్ళు థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఆ ఎపిసోడ్‌లో జూలియెట్ అనే ఇంజనీరు, సైలో మొత్తానికి వెలుగునిచ్చే ఏకైక టర్బైన్‌ను ఆపించి, వంగిన బ్లేడును సరిచేయించే పని నెత్తిన వేసుకుంటుంది. కింది నుంచి వచ్చే ఆవిరిని ఆపే వీలు లేదు, వాల్వు మూస్తే ఒత్తిడి పెరుగుతుంది, పెరిగి పెరిగి పేలుతుంది. నగరం మొత్తం చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఆమె గొట్టంతో నీళ్ళు చల్లుతూ, కాలిపోతున్న లోహాన్ని చల్లబరుస్తూ కాలంతో పందెం వేస్తుంది. వృత్తిపరంగా నాకు ఇక్కడ అభ్యంతరాలు బోలెడున్నాయి. వేడి మీద ఉన్న టర్బైన్ వాళ్ళు చూపించినట్టు చప్పున ఆగి ఊరుకోదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే మా రోటరు నిదానించడానికే చాలాసేపు పట్టేది, నిదానించాక కూడా దాన్ని బారింగ్ గేరు అనే తిప్పుడు యంత్రం మీద మెల్లగా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే షాఫ్టు వంగిపోతుంది. సుత్తితో సరిచేసిన బ్లేడును బ్యాలెన్సింగ్ లేకుండా తిరిగి నడిపిస్తే బేరింగుల గతి ఏమవుతుందో ఊహించుకోవడానికే నాకు ఇష్టం లేదు. అయినా ఆ సేపంతా కుర్చీ అంచున కూర్చునే చూశాను. చేతికి మసి అంటిన మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, ఒకరి పనిని ఒకరు నమ్ముతూ పనిచేసే తీరును ఇంత నిజాయితీగా చూపించిన దృశ్యం నాకు ఈ మధ్యకాలంలో మరొకటి తగల్లేదు. పైగా అదే సీజన్ చివర్లో ఒక ప్రాణం నిలవడం కేవలం ఒక టేపు చుట్ట నాణ్యత మీద ఆధారపడుతుంది. స్టోర్స్ నుంచి వచ్చే సరుకు మంచిదా కాదా అన్న విషయం మీద మెయింటెనెన్స్‌లో పనిచేసినవాడికి ఉండే అనుమానం ఎంత లోతైనదో రాసినవాళ్ళకు తెలుసు. రెండో సీజన్ సంగతి వేరు. కథను రెండు చోట్లకు చీల్చి, అందులో ఒక చోటును చీకట్లో ఉంచారు. చీకటి అంటే భావపరంగా కాదు, తెర మీద ఏమీ కనిపించలేదు. లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు వేసి చూసినా సగం దృశ్యాల్లో మా ముఖాలే మాకు కనిపించాయి.

'సెవరెన్స్' చూసిన రోజుల్లో నాకు షిఫ్టు డ్యూటీలు గుర్తుకొచ్చాయి. రాత్రి షిఫ్టు దిగేటప్పుడు లాగ్ బుక్కులో అన్నీ రాసి, వచ్చేవాడికి అప్పజెప్పి వెళ్ళడం మాకు అలవాటు. ఏ పంపు మోత పెడుతోంది, ఏ వాల్వు పట్టేసింది, ఎవరు సెలవు పెట్టారు అన్నీ అందులో ఉండేవి. ఈ సిరీస్‌లో కంపెనీ లిఫ్టు కిందికి దిగగానే ఉద్యోగికి బయటి జీవితం గుర్తుండదు, పైకి వెళ్ళగానే ఆఫీసు గుర్తుండదు. అంటే లోపలి మనిషికి సాయంత్రం అనేదే లేదు, నిద్ర లేదు, ఆదివారం లేదు. తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్ళీ ఉదయం. లోపలివాడు బయటివాడికి ఒక చీటీ రాసి పంపే వీలు కూడా లేదు, ఎందుకంటే రాత ఏ రూపంలో ఉన్నా లిఫ్టు పసిగడుతుంది. హెలీ అనే కొత్త ఉద్యోగిని తలుపు తోసుకుని బయటికి పరుగెత్తి, మరుక్షణమే అదే తలుపులోంచి లోపలికి వచ్చి పడే దృశ్యం ఉంది. ఆ దృశ్యంలో బయట ఆమెకు ఏమైందో మనకు చూపరు, ఎందుకంటే లోపలి హెలీకి అది తెలియదు కాబట్టి. నియమాన్ని పాటించడం అంటే ఇదీ. తరువాత ఆమె రాజీనామా పంపుకుంటే, బయట ఉన్న తానే వీడియోలో కనిపించి, నేను మనిషిని, నువ్వు కాదు అని తేల్చి చెబుతుంది. ఏ గ్రహాంతరవాసీ నన్ను అంతగా భయపెట్టలేదు. 2022లో వచ్చిన మొదటి సీజన్ నాకు ఎంత నచ్చిందో, 2025లో వచ్చిన రెండోది అంత విసిగించింది. గదినిండా మేకలు, అంతుచిక్కని అంకెలు, ఎక్కడికీ పోని నడవలు. ప్రశ్న మీద ప్రశ్న పేర్చుకుంటూ పోవడం ఒక దశ దాటాక రహస్యం అనిపించుకోదు, బకాయి అనిపించుకుంటుంది.

2025 ఫిబ్రవరిలో 'ఇంటర్‌స్టెల్లర్' మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు మా అమ్మాయిని పెద్ద తెర ఉన్న హాలుకు తీసుకువెళ్ళాను. పదేళ్ళ నాటి సినిమాకు అన్ని వందల మంది కుర్రకారు టికెట్ల కోసం అల్లాడిపోవడం చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. అంతరిక్షంలో ఓడ ఓడకు అతుక్కునే డాకింగ్ దృశ్యం రాగానే మాత్రం హాలంతా ఫోన్లు పైకి లేచాయి. నా ముందు వరుసలోని అబ్బాయి తెరను చూడటం మానేసి, తన అరచేతిలోని తెరలో ఆ దృశ్యాన్ని చూస్తున్నాడు. సరే, అది వేరే గోడు.

ఈ సినిమాలో నీళ్ళ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయి. ఆ లెక్కన అక్కడ ఒక్క సెకను మనకు పదిహేడు గంటలు, ఒక్క నిమిషం దాదాపు ఆరు వారాలు. అలను చూసి నోరు తెరుచుకుని నిలబడిన క్షణంలో ఇక్కడ ఎవరి ఇంట్లోనో ఒక పగలు గడిచిపోతుంది. అక్కడ దిగిన వ్యోమగాములు తిరిగి ఓడ చేరేసరికి 23 సంవత్సరాల 4 నెలల 8 రోజులు అయిపోయాయి, వాళ్ళకోసం ఒంటరిగా ఎదురుచూసిన సహచరుడి గడ్డం నెరిసింది. కథానాయకుడు కూపర్ కూర్చుని, పేరుకుపోయిన వీడియో సందేశాలు వరుసగా చూస్తాడు. కొడుకు కుర్రవాడిగా మొదలై, పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, ఆ బిడ్డను పోగొట్టుకుని, చివరికి ఇక మీకు సందేశాలు పంపను అనే దాకా వస్తాడు. దర్శకుడు ఇక్కడ ఏ హంగూ చేయలేదు. ఒక తండ్రి ముఖాన్ని చూపించాడు, అంతే. సాపేక్ష సిద్ధాంతం ఎంత ఖరీదైనదో తరగతి గదిలో నాకు ఎవరూ ఇలా చెప్పలేదు.

అంత బాగా లెక్క పాటించిన సినిమా ఆ గ్రహం మీదే ఇంకో లెక్క తప్పిందని ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోలో మా అమ్మాయి చెప్పింది. భూమి నుంచి బయలుదేరడానికి వాళ్ళకు అంతస్తులు అంతస్తులుగా విడిపోయే భారీ రాకెట్ కావలసి వచ్చింది. నీళ్ళ గ్రహం గురుత్వాకర్షణ భూమికి 130 శాతమని వాళ్ళే చెప్పారు. మరి అక్కడి నుంచి ఆ చిన్న వాహనం ఏ రాకెట్టూ లేకుండా తనంతట తాను ఎలా ఎగిరింది? నాకు జవాబు లేదు. పదేళ్ళలో నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. చివరలో పుస్తకాల అర వెనక నుంచి ప్రేమ కాలాన్ని దాటి రావడం గురించి నేను మొదటిసారి చూసినప్పుడే గొణుక్కున్నాను, ఇప్పుడూ గొణుక్కుంటున్నాను.

'త్రీ బాడీ ప్రాబ్లమ్' మీద నా అభిప్రాయం రెండు వాక్యాల్లో చెప్పగలను కానీ రెండింటికీ పొంతన ఉండదు. 1966 బీజింగ్‌లో, వేలమంది కేకల మధ్య ఒక భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి కూతురి కళ్ళముందే కొట్టి చంపే ఆరంభ దృశ్యం నేను చూసిన వాటన్నిటిలోకీ గొప్పది, ఎందుకంటే మనిషి మీద అంత విరక్తి కలిగిన అమ్మాయి మాత్రమే గ్రహాంతరవాసులను రమ్మని ఆకాశానికి ఆ పిలుపు పంపగలదు. కానీ ఆ తరువాత నెట్‌ఫ్లిక్స్ వారు కథను ఆక్స్‌ఫర్డ్ స్నేహితుల బృందం చేతిలో పెట్టడంతో ఆ మంట సగం చల్లారింది. ఆ పిలుపు అందుకున్న శత్రువులు 400 ఏళ్ళ తరువాత వస్తారన్న ఊహ మాత్రం అద్భుతం. నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరాన్ని 400 ఏళ్ళలో దాటడం అంటే కాంతి వేగంలో ఒక్క శాతం, ఆ లెక్క సరిగ్గానే ఉంది. మునిమనవళ్ళకు మునిమనవళ్ళు ఎదుర్కోవలసిన ముప్పు కోసం ఇవాళ ఎవడు ఖర్చుపెడతాడు అన్నది అసలైన ప్రశ్న. అయితే ఎక్కడైనా దూరగలిగి, ఏదైనా వినగలిగి, ఏమైనా చూపించగలిగే కణాలను కథలోకి తెచ్చాక, "అనుకుందాం" అన్నదానికి హద్దు లేకుండా పోయింది.

ఇక మన సినిమాలు. సైన్స్ ఫిక్షన్ మనవాళ్ళకు ఎక్కదని, తెలుగువాడికి పురాణమే ఎక్కుతుందని అనేవాళ్ళ మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. పురాణం ఎక్కినవాడికే ఇది ఎక్కాలి. హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు పగలు కాదు, రాత్రి కాదు, ఇంట కాదు, బయట కాదు, నేల మీద కాదు, ఆకాశంలో కాదు, మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు అని ఒక్కొక్క షరతూ పెట్టాడు. విష్ణువు అంతటివాడు వచ్చి కూడా ఆ షరతుల్లో ఒక్కదాన్నీ కొట్టిపారేయలేదు. సంధ్యవేళ చూసుకున్నాడు, గడప చూసుకున్నాడు, తొడ మీద వేసుకున్నాడు, ఆయుధం పట్టకుండా గోళ్ళతో చీల్చాడు. రాసిన నియమానికి లోబడి కథ ముగించడంలో అంతకు మించిన పాఠం ఏ ఆక్స్‌ఫర్డులోనూ దొరకదు.

సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదలైనప్పుడు చూస్తే, సాంకేతికంగా నాసిగా కనిపించే చోట్లు ఉన్నా, కథ ఇప్పటికీ గట్టిగా నిలబడింది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని వజ్రం కోసం మొదలైన గొడవ రాయల కాలానికి, అక్కడి నుంచి 2504కు పోతుంది. రేడియేషన్‌కు భయపడి జనం భూగర్భంలో బతికే ఆ భవిష్యత్తును చూసి మా అమ్మాయి "ఇది సైలో కదా" అంది. సైలో రావడానికి ముప్పై రెండేళ్ళ ముందు అని చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంది.

'కల్కి 2898 ఏడీ'లో నాకు అన్నిటికంటే నచ్చింది యుద్ధాలు కాదు, కాంప్లెక్స్. ఎండిపోయిన కాశీలో ప్రతివాడి కలా ఆ తలకిందుల పిరమిడ్‌లోకి వెళ్ళడమే, దానికి పది లక్షల యూనిట్లు, అంటే ఆ లోకపు డబ్బు, కావాలి. అమెరికా వీసా కోసం పొలం అమ్మిన ఇళ్ళున్న ఊళ్ళో పెరిగినవాడిని, ఆ కల నాకు ఎవరూ వివరించనక్కరలేదు. హీరో భైరవ ఇంటి అద్దె బాకీ పడి యజమానికి ముఖం చాటేస్తూ తిరగడం కూడా నాకు నచ్చింది. 2898లో కూడా అద్దె తప్పదు. అశ్వత్థామ శాపమైతే మన పాత "అనుకుందాం", దాన్ని దర్శకుడు నాగ్ అశ్విన్ శ్రద్ధగానే పాటించారు. నా ఫిర్యాదు అంతా యూనిట్ల గురించే. ఒక యూనిట్ సంపాదించడానికి ఎంత చెమట పట్టాలి, దాంతో ఎన్ని గుక్కల నీళ్ళు వస్తాయి, అప్పుచేసి లోపలికి వెళ్ళినవాడు ఎవడైనా ఉన్నాడా, ఉంటే వాడి ఇంట్లో మిగిలినవాళ్ళు ఎలా బతుకుతున్నారు అన్నది మూడు గంటల సినిమాలో నాకు తెలియలేదు. వెంబడింపులకు, ఫైట్లకు ఇచ్చిన సమయంలో ఒక్క పది నిమిషాలు కాశీలోని ఒక కిరాణా కొట్టు ముందు కెమెరా పెట్టి ఉంటే నాకు సరిపోయేది. రెండో భాగంలో ఎంతమంది దేవతలు దిగివచ్చినా అభ్యంతరం లేదు కానీ, ఆ కొట్టు ముందు ఒక్కసారి నిలబడి, గుక్కెడు నీళ్ళ ధర ఎంతో నాకు చెప్పమని కోరుతున్నాను.