ఉమ్మేయడానికి అంత ఖరీదా?

జూన్ చివరి ఆదివారం సాయంత్రం, విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో అక్క ఇంటి మేడ మీద జరిగిన వాదన ఇది. ఇందులో తమ్ముణ్ణి నేనే. చాలా ఏళ్లు ప్రయాణికుల ఓడల్లో భోజనశాల పని చేసి ఇల్లు చేరాను. వైన్ రుచి చూడటం ఎలాగో కొత్తవాళ్లకు నాలుగు ఆదివారాలు నేర్పుదామని నా ఆలోచన. అక్క తెలుగు పంతులమ్మగా పదవీ విరమణ చేసింది. ఆమె గడప లోపలికి మద్యం రాదు. అందుకని బల్ల మీద ఉన్నవి పాలు పోయని టీ, గిన్నెడు నేరేడు పళ్లు, పోపుల పెట్టె. నా మాటలు పొడుగ్గా కనిపిస్తే, రాస్తున్నది నేనే కదా అని సరిపెట్టుకోండి.

అక్క: ముందు బోర్డు సంగతి చెప్పు. ఏమని రాయిస్తావు?

తమ్ముడు: "వైన్ రుచి: తొలి పాఠాలు" అని.

అక్క: ఆ మొదటి మాట చదివి మెట్లెక్కేవాడు క్వార్టరు సీసా అడుగుతాడు. మన ఊళ్లో "వైన్స్" అని రాసి ఉన్న కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు దొరుకుతాయి. ద్రాక్షతో చేసిన వైన్ ఉందా అంటే కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు.

తమ్ముడు: చూశాడు కూడా. వెతికి వెతికి అట్టడుగు అర నుంచి ఒక సీసా తీశాడు. ఎన్నాళ్లుగా నిలబెట్టి ఉందో, మెడ దాకా దుమ్ము. బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టి ఉంచాలి. లేకపోతే బిరడా ఎండి, గాలి చొరబడి, లోపలిది పాడవుతుంది. ఈ ఒక్క ముక్క నలుగురికి తెలిసినా నా పాఠానికి ప్రయోజనమే.

అక్క: సీసా పడుకోబెట్టడానికి నాలుగు ఆదివారాలా? పోశారు, తాగారు. నేర్పడానికి ఏముంది ఇందులో?

తమ్ముడు: గటగటా తాగేవాడికి ఏమీ లేదు. రుచి చూసేవాడికి ఒక వరుస ఉంది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకూడదు. అరచేతి వేడి తగలకుండా కాడ పట్టుకోవాలి. తెల్లటి గుడ్డ మీదకు వంచి రంగు చూడాలి. ఎర్ర వైన్‌కు వయసు మీద పడేకొద్దీ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది, తెల్ల వైన్ బంగారు రంగుకు ముదురుతుంది. తర్వాత గ్లాసును గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పితే వైన్ గోడలకు పలచగా పాకి వాసనలు పైకి లేస్తాయి. గోడల మీంచి జారే చారలు చూసి "మంచి సరుకు" అని తల ఊపేవాళ్లు ఉంటారు. వాళ్లను నమ్మవద్దు. ఆ చారలు ఆల్కహాలు ఎక్కువగా ఉందని చెబుతాయి గానీ నాణ్యత సంగతి వాటికి తెలియదు. ఇక ముక్కు గ్లాసులో పెట్టి రెండు మూడు సార్లు చిన్నగా పీల్చాలి. గుక్క ఆ తర్వాతే. మింగేయకుండా నోరంతా తిప్పి, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి లోపలికి లాగి...

అక్క: పుక్కిలించడం అను.

తమ్ముడు: పుక్కిలించడమే. ఇదిగో, ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు జీలకర్ర గింజలు నమలు.

(అక్క నమిలింది. పిల్లల చేత ప్రయోగాలు చేయించిన మనిషి కాబట్టి ఈ మాత్రానికి వెనుకాడలేదు.)

అక్క: పొట్టులా ఉంది. కాస్త చేదు.

తమ్ముడు: ఇప్పుడు ముక్కు వదులు.

అక్క: ఆఁ. వచ్చింది, జీలకర్ర.

తమ్ముడు: అది వచ్చింది గొంతు వెనక దారిన. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి నాలుగైదు సంగతులే. తక్కినదంతా ముక్కు పని. జలుబు చేసినప్పుడు ఆవకాయలో ఆవ వాసన పోయి కారం ఒక్కటే మిగలడం అందుకే. నోట్లో గాలి లాగేది ఆ వాసనను వెనక నుంచి ముక్కుకు ఎక్కించడానికి.

అక్క: బాగుంది. దీనికి వైన్ ఎందుకు? జీలకర్ర చాలు కదా.

(ఈ దెబ్బకు నా దగ్గర జవాబు లేదు. మాట మార్చాను.)

తమ్ముడు: టీ తాగు. నాలుక మీద, చిగుళ్ల మీద ఏం జరుగుతోంది?

అక్క: వగరు.

తమ్ముడు: ఈ మాట కోసమే చూస్తున్నాను! ఎర్ర వైన్‌లో మొదట తెలుసుకోవలసింది ఇదే. ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ పని అది. టీలో, నేరేడు పండులో, వక్కలో ఉండే జాతి పదార్థమే. లాలాజలంలోని జిగురును పట్టేసుకుని నోరు ఎండినట్టు చేస్తుంది. ఓడలో తెల్లవాళ్లకు ఇది చేదుకు, పులుపుకు వేరని చెప్పడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చేది. మనం ఉగాది పచ్చడి పేరు చెప్పి ఆరు రుచులూ వేళ్ల మీద లెక్కపెడతాం.

అక్క: వగరు సరే. పుస్తకాల్లో రాసే మిగతా వర్ణన సంగతి? బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ అనే పరదేశపు పళ్లు, తడిసిన రాయి. నువ్వు బ్లాక్‌కరెంట్ ఎప్పుడైనా తిన్నావా?

తమ్ముడు: మొదటి ఏడాది తినలేదు. చిలక పలుకుల్లా అప్పజెప్పేవాణ్ణి. ఒకరోజు వంటగదిలో పచ్చి కాప్సికమ్ తరుగుతుంటే ఆగిపోయాను. ముందు రాత్రి పోసిన కాబెర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్ వాసన! తర్వాత తెలిసింది, రెండింటిలోనూ పిరజీన్లనే పదార్థాలు ఉంటాయని. షిరాజ్ ద్రాక్షలో మిరియాల వాసన వస్తుందంటే కవిత్వం అనుకునేవాణ్ణి. మిరియాల్లో ఉండే రొటుండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తేల్చారు. ఐదుగురిలో ఒకరి ముక్కుకు అది అసలు తగలదు. అందుకని నా పాఠంలో బ్లాక్‌కరెంట్ ఉండదు. నేరేడు, మిరియం, ఎండు ఖర్జూరం, కొత్త బెల్లం, వాన పడ్డ మట్టి ఉంటాయి. వచ్చినవాళ్లు వాళ్ల పోపుల పెట్టెలో పేర్లు వెతుక్కుంటారు.

అక్క: మరి ఆ ఫ్రాన్స్ సంగతి? బోర్డోలో వైన్ చదువు చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారట. దానికి ఎక్కువగా ఎర్ర వైన్ వర్ణనే రాశారు. 2001లో అచ్చయింది. నీ చదువు చదివినవాళ్ల గతే అదైతే, డబ్బు కట్టిన వాల్తేరు పిల్లలు ఏం కనిపెడతారు?

తమ్ముడు: అది నిజం. నేనూ పడతాను ఆ గోతిలో. కన్ను ముందే తీర్పు చెప్పేస్తే ముక్కు తల ఊపుతుంది. అందుకే పేరు దాచి, వీలైతే నల్ల గ్లాసులో పోసి చూడమంటారు. 1976లో పారిస్‌లో అలా పేర్లు దాచి పోస్తే ఫ్రెంచి న్యాయనిర్ణేతలు ఎర్ర వాటిలోనూ తెల్ల వాటిలోనూ కాలిఫోర్నియా సీసాలకే మొదటి స్థానం ఇచ్చారు. పేరు చూసి మెచ్చుకునే జబ్బుకు మందు కూడా రుచి చూడటంలోనే ఉంది. మన ఇళ్లలో ఇంకో పొరపాటు: ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలని ఎవరో చెబుతారు. అది చలి దేశాల గది, 16, 18 డిగ్రీల లెక్క. మే నెల విశాఖ గదిలో పోస్తే ఆల్కహాలు ముక్కును పొడుస్తుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. మరీ చల్లబరిస్తే వగరు పైకి వస్తుంది. ఇక భోజనం. మన చేపల పులుసు ముందు వైన్ పులుపు తక్కువైతే చప్పబడిపోతుంది. వగరు ఎక్కువైతే కారం మండిపోతుంది. నాసిక్ ప్రాంతంలో చెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షతో వైన్ చేస్తారు, అందులో పులుపు మీద కాస్త తీపి తగిలేది చల్లగా పోస్తే పులుసుకు నిలబడుతుంది. అమ్మ చేసే పులుసులో తీపి ఉండేది కాదు కాబట్టి...

అక్క: ఉండేది.

తమ్ముడు: ఉండేది కాదు. చింతపండు, కారం, మెంతిపొడి.

అక్క: బెల్లం ముక్క వేసేది.

తమ్ముడు: చేపల పులుసులో బెల్లమా? ముక్కల పులుసుతో కలిపేసుకుంటున్నావు.

అక్క: ఉసిరికాయంత. దించే ముందు. నువ్వు పీట మీద కూర్చుని తిన్నావు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. బెల్లం డబ్బా మూత తీసి ఇచ్చింది నేను.

తమ్ముడు: మరి నాకెప్పుడూ...

అక్క: తెలియలేదు. ఇరవై ఏళ్లు తిన్నా తెలియలేదు. ఇప్పుడు నాలుగు ఆదివారాల్లో ఊరికి రుచి నేర్పుతావు.

(ఇది నాకు బాగా తగిలింది. ఇంటికి వెళ్లాక కూడా ఆ పులుసును నాలుక మీదకు తెచ్చుకోవాలని చూశాను. ఉసిరికాయంత బెల్లం దొరకలేదు.)

తమ్ముడు: వెతకమని ఎవరూ చెప్పలేదు అప్పుడు. వెతికితే దొరికేది. పాడేరు వైపు జీలుగు కల్లు వాసన చూసి ఎప్పుడు దించిందో చెప్పే పెద్దలున్నారు. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు. వాళ్లకు ఎవరు...

అక్క: వాళ్లు రుసుము తీసుకోరు. పేరు మార్చి గౌరవం అంటగట్టరు. అసలు నాకు నచ్చనిది అదీ. 1992లో నేను భీమిలి దగ్గర పల్లెలో రాత్రి బడి నడిపాను. పలకలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లలో కొందరి చేతుల మీద కమిలిన మచ్చలు ఉండేవి. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లు దాటి ఎంతోకాలం నిలవలేదు, 1997లో సడలించేశారు. ఎందుకు నిలవలేదో వంద కారణాలు చెబుతారు. కానీ ఆ ఆడవాళ్లకు సారా అంటే ఒక్కటే అర్థం. నువ్వు వచ్చి పొడుగు కాడ గ్లాసు పెట్టి "ఇది వేరు" అంటావు. ఏం వేరు? నూటికి పన్నెండు, పద్నాలుగు వంతులు అదే ఆల్కహాలు. ఎంత తక్కువ తాగినా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన ఇళ్లలో తాగుడు గుట్టుగా ఉన్నంతకాలం దానికి కాస్త సిగ్గు ఉంది. ఆ సిగ్గు తీసి చేతిలో పెడతావా? సారా తాగినవాణ్ణి తాగుబోతు అని, నీ గ్లాసు పట్టినవాణ్ణి రసికుడు అని పిలవాలా?

తమ్ముడు: (కాసేపు ఆగి) ఆరోగ్యానికి మంచిదని నేను చెప్పను. చెప్పేవాళ్లను వెనకేసుకురాను. కానీ రుచి చూసేవాడు ఉమ్మేస్తాడక్కా. పక్కన గిన్నె ఉంటుంది. పది రకాలు చూసి ఒక్క గుక్క మింగకుండా లేచేవాళ్లను చూశాను.

అక్క: ఉమ్మేయడానికి అంత ఖరీదు పెట్టి కొనడమా?

తమ్ముడు: అరకు కాఫీ గింజల నాణ్యత చూసేవాళ్లు కూడా చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రి ఉమ్మేస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ అది. దాన్ని ఎవరూ వృథా అనరు.

అక్క: కాఫీ మింగినవాడు ఇంటికి వెళ్లి గిన్నెలు విసరడు. నిజం చెప్పు. ఓడలో నీ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఉమ్మేవాళ్లు?

తమ్ముడు: మొదటి గ్లాసుకు దాదాపు అందరూ.

అక్క: మూడో గ్లాసుకు?

తమ్ముడు: ...సగం మంది.

అక్క: చివరికి?

తమ్ముడు: గిన్నె నా వైపుకే ఉండేది.

అక్క: అయితే నా షరతు రాసుకో. నా పాత విద్యార్థుల్ని పంపమన్నావు కదా, పంపుతాను. ఇరవై ఒకటి దాటినవాళ్లనే. ఉమ్మినవాడికే రెండో గ్లాసు. మింగినవాడికి నేరేడు పళ్లు పెట్టి పంపేయి.

తమ్ముడు: అలాగైతే రెండో ఆదివారానికి ఒక్కరూ రారు.

అక్క: రాకపోతే నాకేం నష్టం? ఆ టీ చల్లారిపోయింది, ఇటివ్వు, వేడి చేసి తెస్తాను.