పేపర్ 6 పిల్లలు, తెల్లవారుజాము చెరువు

ముందే చెప్పేస్తున్నాను, గల్ఫ్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో నేను బయాలజీ చెప్తాను, కాబట్టి ఇక్కడ పడే తిట్లలో సగం నాకే తగులుతాయి.

కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) బయాలజీలో ప్రాక్టికల్‌కి 20 శాతం మార్కులు. పేపర్ 5 ఎంచుకుంటే పిల్లలు ల్యాబ్‌లో నిలబడి ప్రయోగం చెయ్యాలి. పేపర్ 6 అయితే దాని పేరే ‘ఆల్టర్నేటివ్ టు ప్రాక్టికల్’, ప్రయోగం ఎవరో చేసేసినట్టు బొమ్మలూ అంకెలూ ఇస్తారు, మనవాళ్లు కూర్చుని వాటి మీద జవాబులు రాస్తారు. పేపర్ 6 రాసేవాళ్లకీ ఏడాదంతా ప్రయోగాలు చేయించాలనే సిలబస్ ఉద్దేశం, కానీ పేపర్ 5కి ఒక్కొక్కరికీ విడిగా సామాను, కెమికల్స్, బ్యాచ్‌లు, బోలెడు టెన్షన్. పేపర్ 6కి బల్లా పెన్సిలూ చాలు. మా స్కూల్ ఏది తీసుకుందో వేరే చెప్పక్కర్లేదు. నేను పాత పేపర్లు ముందేసుకుని “తప్పు తగ్గించడం ఎలా అని అడిగితే మూడుసార్లు చేసి సగటు తీయాలి అని రాయండి” అని బట్టీ పట్టించాను. మార్కులు బాగానే వచ్చాయి.

మా అమ్మాయిదీ ఇదే చదువు. పోయిన జూన్‌లో భీమవరం దగ్గర మా ఊరు వెళ్లాం, అక్కడ బాబాయికి వనామీ రొయ్యల చెరువుంది. ఒకరోజు పగలంతా మబ్బు, రాత్రి ఆకు కదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి బాబాయి టార్చిలైటు తీసుకుని బయల్దేరితే ఇదీ వెంటపడింది, దీని వెనక నేను. లైటు వేస్తే గట్టు వారనే రొయ్యలు పైకి తేలి ఉన్నాయి, కళ్లు నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి. ఒక మూల నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ ఆగిపోయింది.

“నీళ్లు ఇంత పచ్చగా ఉన్నాయి కదా తాతయ్యా, ఆక్సిజన్ చాలా ఉండాలే?” అంది.

“పగలు ఇచ్చిందంతా రాత్రి ఆ పచ్చ నాచే పీల్చేస్తుంది అమ్మలూ. పైగా నిన్న ఎండే లేదు” అన్నాడు బాబాయి, జనరేటర్ వైపు పరిగెడుతూ.

మొక్కలు రాత్రీ పగలూ శ్వాసిస్తాయని ఈ పిల్ల పరీక్షలో రాసి ఫుల్ మార్కులు తెచ్చుకుంది. చెప్పింది నేనే.

మర్నాడు భీమవరంలో డీఓ కిట్ కొన్నాం, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది. చిన్న సీసాలో చెరువు నీళ్లు నింపి రెండు రకాల చుక్కలు వేస్తే గోధుమరంగు పొడిలాంటిది దిగుతుంది, ఆ తర్వాత యాసిడ్ పోస్తే కరిగి పసుపు, గంజి పొడి కలిపితే ముదురు నీలం, ఆ నీలం పోయేదాకా ఇంకో మందు చుక్కచుక్కగా లెక్కపెట్టాలి. తెల్లవారుజామున మా అమ్మాయికి మూడుసార్లూ లీటరుకి 5 మిల్లీగ్రాముల పైనే వచ్చింది, బాబాయి మీటరు 3 దాటలేదు. “సగటు తీశాను కదమ్మా!” అని నా మీదే అరిచింది. సీసా నింపేటప్పుడు బుడగ ఉండిపోతోంది, ఆ గాలి నీళ్లలో కలిసి ప్రతిసారీ ఎక్కువే చూపిస్తోంది, అలాంటి తప్పుకి ముప్పైసార్లు సగటు తీసినా ఒకటే. నేను నేర్పిన జవాబు చెరువు గట్టున పనికిరాలేదు. సీసాని నీళ్లలో ముంచి లోపలే మూత పెట్టాలని మేత వేసే కుర్రాడు చూపించాడు, ఆయ్, ఇలాగండి అంటూ.

ఇదే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ వెళ్లి, 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద ఆయన పని ఆ తర్వాతే. ముందు కొలవడం కుదిరింది, తర్వాతే కొత్తది కనిపించింది. మన సభల్లో ఆయన ఫొటోకి దండ వేస్తాం, మన పిల్లలకి మాత్రం బ్యూరెట్ (మందుని చుక్కచుక్కగా వదిలి కొలిచే గాజు గొట్టం) పట్టుకోవడం ఆ తర్వాత ఇంటర్ లాంటి ఐబీకి వెళ్లాక, 20 శాతం మార్కులున్న సొంత ప్రయోగం నెత్తిమీదకి వచ్చాక గానీ తెలియదు.

స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ అడుగుతాం, బస్సులో ఏసీ ఉందా అని అడుగుతాం. సైన్స్‌లో పేపర్ 5 రాయిస్తారా, 6 రాయిస్తారా అని అడిగిన తల్లిదండ్రులు ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ తగల్లేదు. అడగండి. 6 అంటే, పిల్లలు నెలకి ఎన్నిసార్లు ల్యాబ్‌లోకి వెళ్తారో కూడా అడగండి, మాలాంటి టీచర్లకి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఫర్లేదు.

సెలవుల నుంచి వచ్చాక ఒక్క బ్యాచ్‌కైనా పేపర్ 5 పెడదామని మా స్కూల్లో అడిగాను. రిజల్ట్స్ బాగానే ఉన్నాయి కదా, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఆ సాయంత్రం ల్యాబ్ బీరువా తెరిచి బ్యూరెట్లు లెక్కపెట్టాను. మొత్తం 24. వాటిలో 19 ఇంకా కవర్లలోనే ఉన్నాయి.