వన్ బై టూ నేరాలు

మా సందు మొదట్లోని ఇరానీ హోటల్ మూతపడిందని సికింద్రాబాద్‌లో తెలిసినవాళ్లంతా తెగ బాధపడిపోతున్నారు. షట్టర్ ముందు ఫొటోలు దిగినవాళ్లున్నారు, కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. "మా కాలేజీ రోజులన్నీ ఇక్కడే గడిచాయి సార్" అని ఒకాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను మాత్రం ఈ మూసివేతను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కాలేజీ రోజులు కాలేజీలో గడవాలి.

నేనెరిగిన నలభై ఏళ్లలో ఆ హోటల్ చేసిన ఆర్థిక విధ్వంసాన్ని ఎవరూ లెక్కకట్టలేదు. పాలరాతి బల్ల, "ఏక్ మే దో" అని సగం సగం పోయించుకున్న ఒక చాయ్, ఇద్దరు మనుషులు, మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ప్రభుత్వాలు పడిపోయేవి, అజారుద్దీన్ ఆ బంతిని ఎలా ఆడి ఉండాల్సిందో తేలిపోయేది. ఇదంతా "రాజకీయాలు మాట్లాడరాదు" అన్న బోర్డు కిందే. గల్లాపెట్టె దగ్గర సేట్ అంతా చూస్తూ కూడా లెమ్మనేవాడు కాదు. కుర్చీకి గంటకెంత గిట్టుబాటవుతుందో తెలియని మనిషికి వ్యాపారమెందుకు?

చాయ్ కాచే పద్ధతీ అంతే. డికాక్షన్‌ను రాగి పాత్రలో మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు. పాలు విడిగా ఇంకో పొయ్యి మీద చిక్కబడేదాకా మరుగుతుంటాయి. రెండూ కలిసేది మనం తాగబోయే కప్పులోనే. ఇంత ఓపిక ఉన్నవాళ్లు దేశాన్ని ముందుకు తీసుకెళ్లలేరు.

అన్నిటికన్నా ఘోరం ఆ ప్లేటు. అడక్కుండానే బాహర్‌వాలా, అంటే సర్వరు, ఉస్మానియా బిస్కెట్లు, ఉల్లిపాయ సమోసాలు ప్లేటు నిండా తెచ్చి పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయేవాడు. తిన్నన్ని తినొచ్చు. లేచాక మిగిలినవి కంటితోనే లెక్కపెట్టి, మనం గుమ్మం దాటేలోపు గల్లాపెట్టెకు వినబడేలా ఒక కేక వేసేవాడు: "ఏక్ చాయ్, తీన్ బిస్కుట్, చార్ సమోసా!" చీటీ లేదు, సీసీ కెమెరా లేదు. ఒకసారి మా నాన్న గుమ్మంలో ఆగి, "నాలుగు కాదు భాయ్, ఐదు తిన్నాం" అన్నాడు. ఆ మనిషి థాంక్సయినా చెప్పలేదు. బల్ల తుడుస్తూనే "పాంచ్!" అని ఇంకో కేక వేశాడు. ఇలాంటి చోటుకి మమ్మల్ని చిన్నప్పట్నుంచీ తీసుకెళ్లిన మా నాన్న మీద కూడా నాకు ఫిర్యాదుంది.

స్థలం సంగతి ఇంకో కథ. ఇరాన్ నుంచి బొంబాయి, పుణేల మీదుగా వచ్చినవాళ్లకి, వీధిపోటని మనవాళ్లు భయపడి వదిలేసిన మూల స్థలాలు కలిసొచ్చాయని పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ మూలనే "కార్నర్ బిట్" అంటున్నాం, గజానికి అదనంగా కడుతున్నాం. వాస్తు దోషం దానంతటదే పోయింది, శాంతి కూడా చేయించలేదు. కింగ్స్‌వే ఆర్పీ రోడ్డయింది, జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డయింది. అన్నీ మారుతుంటే ఒక్క హోటల్ మాత్రం మారనని కూర్చుంటే ఎలా? పేరడైజ్‌ని చూడండి. 1953లో సినిమా హాలు పక్కన చాయ్ సమోసాలతో మొదలై, బిర్యానీకి ఎదిగింది. 2017లో మెట్రో వచ్చాక అక్కడి స్టేషన్‌ కూడా పేరడైజే అయింది. బుద్ధి ఉన్న చాయ్ హోటల్ చెయ్యాల్సిన పని అది.

మా మూలలో ఇప్పుడొక థీమ్ కేఫ్ వచ్చింది. థీమ్ ఏమిటంటే, పాత ఇరానీ హోటల్. బల్లల మీద పాలరాయి డిజైన్ స్టిక్కర్, కొత్త కుర్చీలకు గీకి తెప్పించిన పాతదనం, గోడ మీద మూతపడ్డ హోటల్ ఫొటో. అందులో మూల బల్ల దగ్గర వీపు మాత్రమే కనబడే మనిషిని నేనేనని నా అనుమానం. ఆ గళ్ల చొక్కా నాదే.

"హెరిటేజ్ చాయ్" 160 రూపాయలు. పాత మిత్రుడొకడు వెంట ఉన్నాడు కాబట్టి, "ఏక్ మే దో బాబూ" అన్నాను. కుర్రాడు ట్యాబ్‌లో కాసేపు వెతికాడు.

"ఆ ఐటం లేదు సార్. ఎక్స్‌ట్రా కప్ ఉంది, ఇరవై."

"పోనీ, సాసర్ ఇస్తావా?"

"సాసర్లు డెకరేషన్‌కి సార్."

తాగడం అవుతుండగానే బిల్లు వచ్చేసింది. డబ్బు కట్టి, గుమ్మం దగ్గర అలవాటుగా ఒక్క క్షణం ఆగాను. వెనకనుంచి కేకేమీ రాలేదు. జేబులో ఫోన్ మాత్రం మోగింది, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారని. ఐదిచ్చాను. గోడ మీద నేను కూడా ఉన్నాను కదా.