ఆత్మకథల్లో వెలిగే వీధి దీపానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వీధి దీపం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మా ఊరి పెద్దాయన ఆత్మకథ ఆవిష్కరణకు వెళ్ళాం. రెండింటికని చెప్పిన సభ నాలుగున్నరకు మొదలైంది. శాలువాలయ్యాయి, ముఖ్య అతిథి తన గురించి తాను చెప్పుకోవడమూ అయింది. 350 రూపాయలు పోసి పుస్తకం కొంటే, రెండో అధ్యాయంలోనే తమరి దర్శనం. కిరోసిన్‌కి డబ్బుల్లేక వీధి దీపం కింద చదువుకున్నాడట.

తమరి వంశం గొప్పదే. కలకత్తాలో విద్యాసాగరుడు, మద్రాసులో హైకోర్టు జడ్జీ అయిన ముత్తుస్వామి అయ్యరు తమరి కిందే చదివారని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. అవి మహానగరాలు. మా ఊళ్ళో ఆ రోజుల్లో దీపం మాట దేవుడెరుగు, స్తంభమే లేదు కదండీ!

పక్కనున్న మా పెద్దమ్మకి ఆ పేజీ చదివి వినిపించాను. "కరెంటు వచ్చింది నా పెళ్ళయ్యాక కదరా, అప్పటికి వీడు ఉద్యోగంలో చేరిపోయాడు" అంది. అక్కడితో ఆగలేదు. "వీడి చదువుకని వాళ్ళింట్లో ఒక లాంతరు విడిగా ఉండేది. చిమ్నీలో పెద్దవాళ్ళ చెయ్యి పట్టదని పొద్దుగూకేసరికి వాళ్ళమ్మ నన్ను కేకేసేది. బూడిద పెట్టి, పాత గుడ్డతో మసి తుడిచేదాన్ని. పగిలితే తిట్లు నాకు, చదువు వాడికి!"

జ్ఞాపకం పొరపాటు పడితే ఎవరూ తప్పుపట్టరు. సంవత్సరం అటూ ఇటూ కావచ్చు, మేష్టారి పేరు మారిపోవచ్చు. నాలుగేళ్ళప్పుడు తాతగారన్న మాటలు కామాలతో సహా గుర్తున్నాయంటే నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. "అవార్డుల కోసం ఏనాడూ పాకులాడలేదు" అన్న వాక్యం పక్కనే అవార్డు ఫోటోలున్నా అలవాటైపోయింది. కానీ తమరు మరపు కాదే! తమరిని స్తంభంతో సహా తెచ్చి మా వీధిలో పాతారు.

కల్పన రాయాలంటే దారి లేదా? శ్రీశ్రీ 'అనంతం'ని ఆత్మచరిత్రాత్మక నవల అనేశాడు, గొడవ లేదు. అమెరికాలో జేమ్స్ ఫ్రే అనే రచయిత మాత్రం, నవలగా తిప్పితే ఎవరూ వేసుకోని పుస్తకాన్ని 2003లో సొంత కథగా వేయించుకున్నాడు. కొన్ని గంటలు స్టేషన్లో ఉన్న మనిషి మూడు నెలలు జైల్లో ఉన్నానని రాశాడు. 2006లో బండారం బయటపడ్డాక ప్రచురణకర్తలు డబ్బు వాపసిస్తామన్నారు. గట్టి అట్ట పుస్తకం కొన్నవాళ్ళు 163వ పేజీ చించి పంపాలి, నిజం తెలిసుంటే కొనేవాళ్ళం కాదని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ పద్ధతి మన దగ్గర పెడితే, తమరున్న పేజీలు మోయలేక తపాలా శాఖ కొత్త ఉద్యోగాలు వెయ్యాలి.

డబ్బు పోతే పోయింది. మా పెద్దాయన పుస్తకంలో వాళ్ళమ్మ ఎక్కడుందో తెలుసా? అంకితం పేజీలో, "మాతృమూర్తి పాదపద్మాలకు" అని. అంతే. కిరోసిన్ తెప్పించింది ఆవిడ, ఒత్తి కత్తిరించింది ఆవిడ, వీడు కునికితే లేపింది ఆవిడ. పేరు మాత్రం తమరికి! ఒంటరిగా పైకొచ్చానని చెప్పుకోవాలంటే ఇంట్లో దీపం వెలగకూడదు మరి. సిగ్గుండక్కర్లా? ఆయనకి లేదు సరే, నీకైనా?

రెండో ముద్రణకి సవరణలుంటే చెప్పమని ఆయనే మైకులో అన్నారు. చెబుతున్నా. 31వ పేజీలోంచి నువ్వు దిగు, లాంతరు ఎక్కించు. చిమ్నీ తుడిచిన పిల్ల పేరు కావాలంటే మా పెద్దమ్మకి ఫోన్ చెయ్యమను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వద్దు, నిద్రపోతుంది.